నలభై ఒక్క జతల చేతులు

ఆ ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వాడకంలో లేదు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి ఊడ్చే మనిషి దాకా అందరికీ ఆవిడ సెకన్లమ్మే. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పని ఒకటే మరి: మెడలో వేలాడే స్టాప్‌వాచీ నొక్కడం, ఎదుటి మనిషి చేయి ఏ పని ఎంతసేపట్లో చేసిందో చూసి రాయడం. ఇంటికెళ్ళినా ఆ రోగం వదల్లేదని భర్త వేళాకోళం. దుకాణంలో ఎవరైనా పొట్లం కడుతుంటే ఈవిడ నోట్లోనే అంకెలు లెక్కపెట్టుకుని, బయటికొచ్చాక "పాపం, ఆయనకి ఎడమ బొటనవేలు సరిగ్గా వంగట్లేదండీ" అంటుంది. "నీతో బజారుకి రావడం కంటే పోస్టుమార్టానికి వెళ్ళడం నయం" అంటాడాయన.

ఆవిడ గది నేలంతస్తులో, ఎక్స్‌రే గదిని ఆనుకుని ఉంటుంది. ఒక కిటికీ, రెండు కుర్చీలు, ఒక బల్ల, బల్ల అంచుకు బిగించిన చెక్క పలక. చేతికి దెబ్బ తగిలినవాళ్ళు, నరం చచ్చుబడ్డవాళ్ళు, కీళ్ళు బిగుసుకుపోయినవాళ్ళు వచ్చి ఆ పలక ముందు కూర్చుంటారు. కార్డులు తిరగేయాలి, చెంచాతో గింజలెత్తాలి, చెక్క బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పేర్చాలి. అన్నిటికంటే ముఖ్యమైంది చిన్న వస్తువుల పరీక్ష. రెండు నాణేలు, రెండు సీసా మూతలు, రెండు కాగితం పిన్నులు వరసగా పెడతారు. ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేయాలి. ఆఖరిది డబ్బాలో టంగుమనగానే సెకన్లమ్మ బొటనవేలు వాచీ మీద పడుతుంది.

మొదలుపెట్టే ముందు ఆవిడ అప్పజెప్పే వాక్యం ఒకటుంది. "మీకు వీలైనంత త్వరగా చెయ్యండి. మొదలుపెట్టండి అన్నాకే మొదలుపెట్టండి." మంత్రి వచ్చినా అదే మాట, మూటలు మోసేవాడు వచ్చినా అదే మాట. ఒక్క ముక్క కలపకూడదు, ఒక్క ముక్క తగ్గించకూడదు. జాలేసి "కంగారు పడకండి" అన్నా ఆ పరీక్ష చెల్లదు.

వచ్చిన చిక్కల్లా పట్టికతో. ఆ పరీక్షను ఎక్కడో దూరదేశంలో తయారుచేశారు. అక్కడి జనాన్నే కూర్చోబెట్టి, ఫలానా వయసు ఆడవాళ్ళకు ఇన్ని సెకన్లు, మగవాళ్ళకు ఇన్ని సెకన్లు అని గీత గీశారు. గీత దాటిందంటే చేతిలో లోపం ఉన్నట్టు లెక్క. ఆ గీతను మోసుకొచ్చి ఇక్కడి చేతుల మీద పెడితే ఏమైంది? ఊరంతా రోగిష్టి చేతులే! చిన్న వస్తువులకు ఏడు సెకన్లు దాటకూడదట. లైబ్రరీలో పుస్తకాలు సర్దే మనిషికి ఎనిమిది పట్టింది. గడియారాలు బాగుచేసే ముసలాయనకు ఎనిమిదిన్నర. వెంట్రుకంత స్ప్రింగును పట్టకారుతో పట్టి బిగించే మనిషి ఆయన, ఆయన చేతికి లోపమట! "లోపం నా చేతిలో లేదమ్మాయ్, మీ కాగితంలో ఉంది" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆయన నవ్వితే నవ్వాడు, బోర్డు నవ్వడంతో వచ్చింది అసలు తంటా. జబ్బుపడ్డ కార్మికులకు తేలిక పని ఇప్పించాలా వద్దా అని తేల్చే ముగ్గురు పెద్దమనుషుల బోర్డు అది. "మీ లెక్కన మా ముగ్గురికీ కూడా సర్టిఫికెట్లు ఇచ్చేయండి" అని ఎగతాళి చేసి, ఆసుపత్రి నుంచి వచ్చిన కాగితాలన్నీ పక్కన పడేయడం మొదలుపెట్టారు. నిజంగా చేతులు పోయినవాళ్ళు కూడా ఆ నవ్వులో కొట్టుకుపోయారు.

అలాంటప్పుడు వచ్చాడు చిన్న డాక్టరు. వయసులో చిన్నవాడని ఆ పేరు. "మన చేతులకి మన కొలత మనమే చేసుకుందాం మేడమ్" అన్నాడు. ఏ జబ్బూ లేని మూడు వందలమందిని, ఆడా మగా, వయసులవారీగా పరీక్షించాలి. ఏడాది గడువు. ఆ ఏడాది ఉన్నంత సంతోషంగా సెకన్లమ్మ ఇంకెప్పుడూ లేదు. పలకను సంచిలో పెట్టుకుని కాలేజీలకు, బ్యాంకులకు, బడులకు తిరిగింది. కుర్రకారు పందేలు కాసుకుని మరీ కూర్చున్నారు. అరవై దాటినవాళ్ళ కింద రిటైరైన టీచరమ్మలు పొద్దుపోక క్యూ కట్టారు. మగవాళ్ళకు కొదవే లేదు. ఎటొచ్చీ నలభై అయిదుకూ అరవైకీ మధ్య ఆడవాళ్ళే దొరకలేదు. యాభైమంది కావాలి. ఆ వయసు ఆడదానికి ఇరవై నిమిషాలు ఊరికే కూర్చునే తీరిక ఏ లోకంలో ఉందండీ? పది నెలలు తిరిగితే తొమ్మిదిమంది తేలారు.

"మా షెడ్డులో ఆడాళ్ళు లేరటే? నేను పట్టుకొస్తాలే, నువ్వు బెంగపెట్టుకోకు" అంది అక్క.

అక్క ఆవిడకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. పదహారో ఏట చేపల ప్యాకింగ్ షెడ్డులో చేరింది. మంచుగడ్డల్లో పూడ్చి ఉంచిన చేపల్ని ఏరి, సైజులవారీగా ట్రేలో పేర్చాలి. తొడుగులు వేసుకుంటే చేతులు సాగవని ఎవరూ వేసుకోరు. అయిదు నిమిషాలకోసారి మేస్త్రీ గంట కొడతాడు, గంట కొట్టేలోపు ట్రే నిండాలి. అమ్మ లేని ఇంట్లో ఆ ట్రేల మీదే చెల్లెలి చదువు సాగింది. సాయంత్రం అక్క గుమ్మంలోకి రాగానే చెల్లెలికి ఒక పని ఉండేది. ఆ రెండు చేతుల్నీ తన చంకల్లో ఇరికించుకుని కూర్చోవాలి. "అమ్మో, ఐసుగడ్డలే!" అని మెలికలు తిరుగుతూనే కూర్చునేది. అక్క వేళ్ళు చెంచా పట్టుకునేంతగా కరిగాకే ఇద్దరికీ తిండి. కరగడానికి ఎంతసేపు పడుతుందా అని గోడ గడియారం చూస్తూ కూర్చోవడంలోనే ఆవిడకు సెకన్లు లెక్కపెట్టే అలవాటు అబ్బింది.

అన్నట్టే అక్క రోజూ మధ్యాహ్నం విరామంలో ఇద్దరేసి ఆడవాళ్ళను లాక్కొచ్చింది. అలా నలభై ఒక్కమంది. పరీక్షకు ముందు ఒక ప్రశ్న అడగాలి: "మీ చేతుల్లో నొప్పి, తిమ్మిరి, బిగుసుకుపోవడం లాంటి ఇబ్బంది ఏమైనా ఉందా?" ఉందంటే ఆ మనిషి ఈ లెక్కలోకి రాదు.

"ఏం లేదమ్మా, శుభ్రంగా ఉన్నాయి." నలభై ఒక్కమందీ అదే మాట చెప్పి సంతకాలు పెట్టారు. చెప్పరూ మరి? ఏడాదికోసారి షెడ్డులో మేస్త్రీ ఇదే ప్రశ్న వేస్తాడు. ఉందన్న మనిషికి మర్నాడు పనిలోకి వెళ్ళే టోకెన్ ఉండదు. ఏళ్ళ తరబడి ఆ జవాబు చెప్పీ చెప్పీ, దేవుడు దిగొచ్చి అడిగినా వాళ్ళ నోట అదే వస్తుంది. పైగా అక్క తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ భుజం పట్టి లోపలికి తోస్తోంది. "బాగున్నాయని చెప్పండే, మా చెల్లి పని పూర్తవ్వాలి!"

సెకన్లమ్మకు తెలీదా? ఎందుకు తెలీదు! పొట్లం కట్టేవాడి బొటనవేలు పసిగట్టే మనిషికి, కళ్ళెదురుగా ఒకామె నాణేన్ని గోటితో లేపలేక బల్ల అంచుదాకా జరుపుకొచ్చి అరచేతిలోకి రాల్చుకుంటుంటే కనపడలేదా? కనపడింది. ముప్పై ఏడో మనిషిగా అక్కే వచ్చి కూర్చుంది. ఆ చేతుల్ని చంకలో పెట్టుకుని పెరిగిన పిల్ల, "శుభ్రంగా ఉన్నాయి" అని అక్క చెబితే తలొంచుకుని టిక్కు పెట్టింది. మనిషి ఏం చెబితే అదే రాయాలి, మన అభిప్రాయం రాయకూడదని నియమం. గడువు ముంచుకొచ్చింది. ఇవన్నీ సాకులే అనుకోండి. అసలు సంగతి ఇంకొకటుంది, అది ఆవిడ చాలాకాలం తనకు తాను కూడా చెప్పుకోలేదు. అవి జబ్బు చేతుల్లా ఆవిడకు అనిపించలేదు. బుద్ధెరిగినప్పటినుంచి ఇంట్లో, వాకిట్లో, పక్క వాటాల్లో చూసిన ఆ వయసు ఆడవాళ్ళ చేతులన్నీ అలాగే ఉండేవి.

పట్టిక తయారైంది. నలభై అయిదు నుంచి అరవైలోపు ఆడవాళ్ళకు చిన్న వస్తువుల గీత పన్నెండు పాయింట్ నాలుగు సెకన్ల దగ్గర పడింది. అరవై దాటినవాళ్ళకు పదే.

"చిత్రంగా ఉందే మేడమ్! మన దగ్గర ఆడవాళ్ళు అరవై దాటాక చురుగ్గా తయారవుతారా ఏంటి?" అన్నాడు చిన్న డాక్టరు.

"టీచరమ్మలు కదా సార్" అంది ఆవిడ. ఇద్దరూ నవ్వుకున్నారు. పట్టిక గురించి రాసిన వ్యాసం చివర ఆయన "ఈ తేడాను మరింత పరిశీలించవలసి ఉంది" అని ఒక వాక్యం రాసి పడేశాడు. పరిశీలించిన నాథుడు లేడు. వ్యాసం అచ్చయింది. ఇంకో అయిదు ఆసుపత్రులు ఆ పట్టికను తీసుకున్నాయి. బోర్డు కూడా నవ్వడం మానేసి, ఇకనుంచి ఇదే ప్రమాణమని కాగితం పంపింది. చిన్న డాక్టరు పెద్ద ఉద్యోగానికి వెళ్తూ వెళ్తూ "ఇది మీ పట్టిక మేడమ్" అన్నాడు. ఆవిడ దాన్ని అట్టకు అంటించి గోడకు తగిలించింది.

నాలుగేళ్ళు గడిచాయి. అక్కకు యాభై రెండు వచ్చాయి. వేళ్ళ కొసలు ముందు తెల్లబడేవి, తర్వాత నీలంగా మారేవి. చేతిలో గ్లాసు ఉందో జారిందో చూస్తే తప్ప తెలిసేది కాదు. అంతదాకా దాచి, దాచలేక చెల్లెలికి చెప్పింది. డాక్టరు చూసి ఖచ్చితంగా చెప్పాడు. "ఇక ఐసులో చెయ్యి పెట్టకూడదు. ఇలాగే ఇంకో రెండేళ్ళు పెడితే వేళ్ళు తీసేయాల్సి వస్తుంది."

షెడ్డు మేడమీద లేబుళ్ళు అంటించే పొడి సెక్షన్ ఉంది. అక్కడ ఐసు లేదు, గంట లేదు. అక్కను అక్కడికి మార్చాలంటే బోర్డు ఉత్తర్వు కావాలి. బోర్డుకు డాక్టరు మాటలు పట్టవు, అంకె కావాలి. చేతి పరీక్షలో గీత దాటితే మేడమీదికి, దాటకపోతే మళ్ళీ ఐసులోకి.

"మా అక్కకి నేను పరీక్ష చెయ్యకూడదు సార్" అని సెకన్లమ్మ విభాగం పెద్దకు చెప్పింది.

"ఇంకెవరున్నారమ్మా? రెండో అమ్మాయి పురిటి సెలవులో ఉందాయె. వాచీకి బంధుత్వాలేంటి, కానివ్వండి" అన్నాడాయన.

ముందురోజు సాయంత్రం అక్క ఇంటికొచ్చి కూర్చుంది. "నెమ్మదిగా చేస్తాలేవే. నాకా మాత్రం తెలీదా? నువ్వేం చెప్పక్కర్లేదు" అంది. సెకన్లమ్మ నిజంగానే ఏం చెప్పలేదు. మనసులో మాత్రం ఒక నిర్ణయం తీసుకుంది. ఆఖరి పిన్ను డబ్బాలో పడ్డాక ఒక్క సెకను ఆగి నొక్కాలి. ఇరవై రెండేళ్ళలో ఒక్క అబద్ధం. ఆ మాత్రం అక్కకు బాకీ ఉంది.

మర్నాడు అక్క తల దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని వచ్చింది. పలక ముందు కూర్చుంది. చెల్లెలు వరసగా నాణేలు, మూతలు, పిన్నులు పెట్టి, గొంతు సవరించుకుని ఆ వాక్యం అందుకుంది. "మీకు వీలైనంత త్వరగా చెయ్యండి..."

"ఏంటే, నన్ను మీరంటున్నావ్?" అని అక్క ఫక్కున నవ్వింది.

"మొదలుపెట్టండి అన్నాకే మొదలుపెట్టండి." చెల్లెలు నవ్వలేదు. "మొదలుపెట్టండి."

ఆ మాట అక్క చెవిలో మేస్త్రీ గంటలా పడింది. అంతే, మనిషి మారిపోయింది. భుజాలు ముందుకొచ్చాయి, పళ్ళు బిగుసుకున్నాయి. నాణేన్ని బల్ల అంచుకు జరిపి రాల్చుకుంది, మూతను రెండు వేళ్ళ కణుపుల మధ్య అదిమి ఎత్తింది, స్పర్శ లేని వేళ్ళతో పిన్నును గీరి గీరి లేపింది. ముప్పై ఆరేళ్ళుగా గంటకు పరుగెత్తిన ఒళ్ళు, నెమ్మదిగా చెయ్యమంటే చెయ్యగలదా? ఆఖరి పిన్ను టంగుమంది. సెకన్లమ్మ బొటనవేలు అప్పటికే నొక్కేసింది. ఆగాలనుకున్న సంగతి ఆవిడకు గుర్తుంది, వేలికి గుర్తులేదు. ఛీ, పాడు వేలు!

పదకొండు పాయింట్ తొమ్మిది.

గీతకు అర సెకను ఇవతల. పాత పట్టిక ఉండి ఉంటే ఏడు దాటిన ప్రతి చేతికీ లోపమే. కొత్త పట్టిక ప్రకారం అక్క చేతులు ఆ వయసు ఆడవాళ్ళందరి చేతుల్లాగే ఉన్నాయి. ఉండవు మరి? ఆ వయసు ఆడవాళ్ళు యాభైమందిలో నలభై ఒక్కమంది అక్క పక్కన నిలబడి ఐసులో చేతులు పెట్టినవాళ్ళే. అందులో ఒకరు అక్కే. అక్క చేతుల్ని అక్క చేతులతోనే కొలిచి, బాగున్నాయని తేల్చారు.

ఆ మధ్యాహ్నమే సెకన్లమ్మ చిన్న డాక్టరుకు ఫోన్ చేసి, ఉన్నదంతా చెప్పేసింది. "ఆ నలభై ఒకటీ తీసేయండి సార్. మీకు దణ్ణం పెడతాను."

చిన్న డాక్టరు అటునుంచి లెక్క చెప్పాడు. "తీసేస్తే తొమ్మిదిమంది మిగుల్తారు మేడమ్. తొమ్మిదిమందితో గీత గియ్యలేం. పట్టికే పోతుంది. మళ్ళీ ఆ పాతది తెస్తారు, బోర్డు మళ్ళీ నవ్వడం మొదలుపెడుతుంది. ఈ పట్టిక వల్ల పని మారిన వాళ్ళు ఎంతమందో ఉన్నారు, వాళ్ళ సంగతేంటి?"

"కొత్తగా యాభైమందిని చేద్దాం సార్. నేను తిరుగుతాను."

"అనుమతులు రావడానికే రెండేళ్ళు పడుతుంది మేడమ్. నేనిప్పుడు అక్కడ లేను కూడా." ఆఖర్న, "అప్పుడే నాకెందుకు చెప్పలేదు మేడమ్?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు మహానుభావుడు. కోప్పడి ఉంటే ఆవిడకు కాస్త తేలిగ్గా ఉండేది.

రెండేళ్ళు! డాక్టరు అక్క వేళ్ళకు ఇచ్చిన గడువు కూడా అదే.

ఇక మిగిలింది బోర్డు. అక్కను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి సెకన్లమ్మ లోపలికి వెళ్ళింది. పొడుగాటి బల్లకు అటు ముగ్గురు పెద్దమనుషులు, ఓ మూల షెడ్డు తరఫున వచ్చిన గుమాస్తా. ఈ వయసు గుంపులో షెడ్డు నుంచి వచ్చిన నలభై ఒక్కమంది అంకెలు సరైనవి కావని, వాటి మీద ఆధారపడొద్దని ఆవిడ చేతులు జోడించి చెప్పింది.

"పట్టిక మీదే కదమ్మా" అన్నాడు నడుమ కూర్చున్న పెద్దాయన. మర్యాదస్తుడే.

"అవునండి."

"చేతుల్లో ఇబ్బంది లేదని ఆ నలభై ఒక్కమందీ సంతకాలు పెట్టారా?"

"పెట్టారండి."

"మరి వాళ్ళు అప్పుడు అబద్ధం చెప్పారంటారా?"

మూలనున్న గుమాస్తా జేబులోంచి పెన్ను తీసి మూత విప్పాడు. సెకన్లమ్మ కళ్ళు ఆ పెన్ను మీదే నిలిచిపోయాయి. జబ్బు దాచి పనిలో ఉన్నదని తేలితే టోకెన్ తీసేయొచ్చని షెడ్డు నిబంధన. అవునంటే నలభై ఒక్కమంది పొయ్యిలో నీళ్ళు పోసినట్టే, అందులో అక్క కూడా ఉంది. కాదంటే అక్క చేతులకు ఏ లోపమూ లేనట్టు లెక్క. ఏం చెప్పమంటారు ఆవిడను? మీరైతే ఏం చెప్పేవారు?

"తెలీదండి" అంది.

గుమాస్తా పెన్ను మూత పెట్టేశాడు. చివర కూర్చున్న మూడో ఆయన పట్టికను అటూ ఇటూ తిప్పి చూసి, పాపం సాయం చేద్దామనే అన్నాడు. "అరవై దాటినవాళ్ళకి గీత పదే ఉందండీ. ఎనిమిదేళ్ళాగి రమ్మనండి, అప్పుడు వీలవుతుంది."

ఆవిడ దణ్ణం పెట్టి బయటికొచ్చింది.  అక్క బెంచీ మీద నుంచి సగం లేచి, పరీక్ష ఫలితాలకు వచ్చిన పిల్లలా చూస్తోంది.

"ఏమన్నారే?"

"పాసయ్యావక్కా."

నిజంగా, ఒక్క క్షణం అక్క మొహం వెలిగింది. ఏ పరీక్షా రాయకుండానే బడి మానేసిన మనిషి. ఆ తర్వాత అర్థమైంది. "అంటే మళ్ళీ ఐసేనా" అని మెల్లగా కూర్చుంది. చెల్లెలి కళ్ళల్లో నీళ్ళు చూసి, తనే సర్దిచెప్పింది. "పోనీలేవే. పాడు చేతులు, ఎప్పుడూ ఉన్నవేగా. నీ పట్టిక నిలబడింది, అది చాలు."

సెకన్లమ్మ పక్కన కూర్చుని అక్క రెండు చేతుల్నీ లాక్కుని తన చంకల్లో పెట్టుకుంది. వరండాలో వచ్చేపోయేవాళ్ళు వింతగా చూశారు. చూస్తే చూడనీ. అక్క "చాల్లేవే, నవ్వుతారు" అంటూనే ఊరుకుంది. ఎదురుగా గోడ గడియారం ఉంది. చిన్నప్పుడు పది నిమిషాల్లో కరిగేవి ఆ చేతులు. ఇప్పుడు పది దాటింది, పదిహేను దాటింది. ఎంత అదుముకున్నా ఆ వేళ్ళకు వెచ్చదనం రావడం లేదు.

అక్క కూడా గడియారం చూసింది. నెమ్మదిగా తన చేతుల్ని వెనక్కి తీసుకుని లేచింది.

"వస్తానే. రెండో షిఫ్టు వేళయింది, ఆలస్యమైతే టోకెన్ ఇవ్వరు."